గాలి మళ్ళే వేళ

చెంగల్రావుపేట సందులో నా టైపు కొట్టు.
ఒక కిటికీ, ఒక కంప్యూటరు,
జెరాక్సు మిషను మీద ఎప్పుడూ
ఎవరో మర్చిపోయిన రేషన్ కార్డు.

ఆ నెలంతా అది చచ్చి బతికింది.
చెప్పాపెట్టకుండా తెర నీలంగా మారిపోయేది,
పక్కకి పడుకున్న ఏడుపు ముఖం ఒకటి,
దాని కింద సున్నాలూ అంకెలూ.
ఫ్యాను ఒక్కసారి నిట్టూర్చి
మళ్ళీ మొదలయ్యేది, ఏమీ ఎరగనట్టు.

పాల లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను:
సోమవారం మూడూ ఇరవై.
మంగళవారం మూడూ నలభై.
బుధవారం రాలేదు. వాన, కిటికీ వేశాను.
గురువారం రెండుసార్లు.

వైరస్సన్నారు, తుడిపించాను.
విండోస్ మళ్ళీ వేయించాను, మూడొందల యాభై.
పవర్ సప్లై మార్చాను.
పక్క వెల్డింగు షాపువాడితో దెబ్బలాడాను,
నీ మంట వల్లే నా కరెంటు తూలుతోందని.
వాడి పాపం ఏమీ లేదు. తర్వాత టీ ఇప్పించాను.
మా అత్త మోనిటరుకి నిమ్మకాయ కట్టింది.
నేను విప్పలేదు.

అల్లిపురం నుంచి దాలినాయుడు వచ్చి
పక్క మూత విప్పి, ర్యామ్ పలక లాగి
"రబ్బరుందా అక్కా, పిల్లలది" అన్నాడు.
మా చిన్నదాని కంపాస్ బాక్సులోంచి తెచ్చాను,
స్ట్రాబెర్రీ వాసనది.
బంగారు పళ్ళ వరస తోమినట్టు తోమాడు.
మూడు రోజులు ఆడింది.

నాలుగో రోజు చోడిపల్లి నూకయ్య వచ్చాడు
మత్స్యశాఖకి అర్జీ రాయించుకోడానికి.
"రాయమ్మా. తుపానుకి నా తెప్ప పోనాది.
పది గుర్రాల ఇంజనూ, నాలుగు వలలూ, ఐసు పెట్టీ..."
ఐసు పెట్టె దగ్గర తెర నీలమైంది.

మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాను, తలెత్తకుండా.
ఈసారి ఇంజను కంటే ముందు తెప్ప పేరు చెప్పాడు.
పెద్దకూతురి పేరు. తనే రంగుతో రాశాడట.
ఒక అక్షరం తప్పు పడితే
బాగుందిలే అని అలాగే ఉంచేశాడట.
సేవ్ నొక్కబోయేంతలో
అదే ముఖం.

మూడోసారికి వలలు లేవు, పెట్టె లేదు.
"తెప్ప పోనాదమ్మా" అన్నాడు.
అంతే.
నా వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. కొట్టలేదు.

చాలాసేపటికి కిటికీ వైపు చూశాడు.
"టయమెంతయింది?"
"మూడున్నర."
"గాలి మళ్ళీసింది" అంటూ వంగి
బల్ల కింద డబ్బా మీద వేలు రాసి
నాలిక మీద పెట్టుకున్నాడు.
"ఉప్పు."
ఇంకో వేలు రాసి చూపించాడు, నల్లగా.
"ఇది పోర్టు బొగ్గు. రెండూ కలిసి
తినేస్తన్నాయి నీ మిషిన్ని.
మా వాకీటాకీనయితే సంచిలో కట్టీసి
పొద్దుగూకీసరికి తుడుసుకుంటాం.
దీన్ని సముద్రానికి ఎదురుగా కూకోబెట్టీసినావేటమ్మా!"

నెల రోజులు దాన్ని చూశాను, విన్నాను,
తిట్టాను, రెండుసార్లు చేత్తో కొట్టాను కూడా.
రుచి చూడలేదు.

ఇద్దరం కలిసి బల్లని లోపలి గోడకి జరిపాం.
దాలినాయుడు ఫోన్లోనే నవ్వాడు,
సాయంత్రం బ్లోయరుతో వచ్చి
గుప్పెడు బొగ్గు ఊది వెళ్ళాడు.
రబ్బరుకి దారం కట్టి మేకుకి వేలాడదీశాను,
నిమ్మకాయ పక్కనే.
మా చిన్నది కొత్తది కొనేదాకా మాట్లాడలేదు.

అర్జీ నాలుగోసారి నేనే రాశాను, అతన్ని అడక్కుండా.
అప్పటికి నాకు కంఠతా వచ్చేసింది.
పేరు కూడా వేశాను, ఆ తప్పక్షరంతో సహా.
ఆఫీసువాళ్ళకి అది అక్కర్లేదని తెలుసు.
కాగితం చేతికిస్తే
అతను ఆ ఒక్క మాట మీదే వేలు పెట్టి
కాసేపు నిలబడ్డాడు.

పదకొండు రోజులైంది, నీలం తెర రాలేదు.
మూడున్నరకి మాత్రం ఇప్పటికీ
చెయ్యి దానంతటదే ఆగుతుంది,
ఫ్యాను చప్పుడు వింటాను.

ఫైలుకి నూకయ్య నాలుగు అని పేరు పెట్టాను.
ఒకటీ రెండూ మూడూ
ఎక్కడా లేవు.